కమాండోలను మోసే హెలికాప్టర్ నడపాలనుకునే వైజాగ్ అమ్మాయికి ఏ దారి మంచిది?

మర్రిపాలెంలో మా డాబా మీద బట్టలు ఆరేస్తుంటే తల మీంచి హెలికాప్టర్ వెళ్లని రోజు ఉండదు. నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా పక్కనే కాబట్టి ఆ చప్పుడు మాకు ఆటో చప్పుడుతో సమానం. ఎవరూ తలెత్తి చూడరు, మా అక్క కూతురు తప్ప. అది ఇంటర్ సెకండియర్. ఒకసారి నేవీ డే విన్యాసాలకి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను. హెలికాప్టర్ నుంచి నేవీ మార్కోస్ కమాండోలు తాడు పట్టుకుని సర్రున జారుతుంటే జనమంతా వాళ్లని చూసి ఈలలు వేస్తున్నారు. ఇది మాత్రం నా చెయ్యి గిల్లి, "పిన్నీ, వాళ్లు దిగేంత సేపూ అది గాల్లో అలా కదలకుండా ఎలా ఉంది? లోపల నడిపేది ఎవరు?" అని అడిగింది.

అక్కడ మొదలైంది మా ఇంట్లో ఈ గొడవంతా. నేవీ అనింది కొన్నాళ్లు, ఎయిర్‌ఫోర్స్ అనింది కొన్నాళ్లు, ఫోన్లో ఏదో వీడియో చూసి అమెరికా నైట్ స్టాకర్స్ అనింది, అక్కడ కమాండోలను మోసే హెలికాప్టర్ల దళం అది. వాళ్ల నాన్న "బీటెక్‌లో చేరు, తర్వాత చూద్దాం" అన్నాడు. నేను మూడు నెలలు నోటిఫికేషన్లు చదివి, మా వీధిలో రిటైరైన నేవీ వాళ్లని విసిగించి, నాకు అర్థమైంది రాసి పెడుతున్నాను. ఇదే డైలమాలో ఉన్న అమ్మాయిలకీ, పక్కన కూర్చుని టెన్షన్ పడే అమ్మలకీ పనికొస్తుందని.

ముందు ఒక ముడి విప్పుకోవాలి

"అమ్మాయిల్ని కమాండోలుగా తీసుకుంటారా?" అనేది ఒక ప్రశ్న. "కమాండోలను మోసుకెళ్లే హెలికాప్టర్‌ని అమ్మాయి నడపొచ్చా?" అనేది ఇంకో ప్రశ్న. మన ఇళ్లలో ఈ రెండూ కలిపేసి, మొదటిదానికి జవాబు సరిగ్గా తెలియక రెండోదాన్ని కూడా వదిలేస్తున్నారు. మార్కోస్‌లోకి మహిళలకి అవకాశం ఇస్తున్నారని 2022 చివర్లో వార్తలు వచ్చినప్పుడు మా బంధువుల గ్రూపులో అందరూ దాని మీదే వాదించుకున్నారు. పైలట్‌కి మార్కోస్ అవ్వాల్సిన పని లేదు. ఆమె పని వాళ్లని చీకట్లో, తక్కువ ఎత్తులో, ఠంచనుగా చెప్పిన నిమిషానికి చెప్పిన చోట దించడం, మళ్లీ ఎక్కించుకుని రావడం. 2008 నవంబరులో ముంబయి నారిమన్ హౌస్ డాబా మీదకి ఎన్‌ఎస్‌జీ కమాండోలు దిగిన దృశ్యం టీవీలో చూసే ఉంటారు. అది ఎయిర్‌ఫోర్స్ మి-17. చుట్టూ ఇరుకు భవనాలు, కింద తుపాకులతో ఉన్నవాళ్లు, పైన ఆ పెద్ద యంత్రాన్ని ఒక్క చోట నిలబెట్టి ఉంచిన పైలట్లు. ఆ నిలబెట్టడమే ఈ ఉద్యోగం.

రెండో ముడి. మన దేశంలో "స్పెషల్ ఆపరేషన్స్ హెలికాప్టర్ పైలట్ కావలెను" అని ఏ నోటిఫికేషనూ రాదు. ముందు మామూలు హెలికాప్టర్ పైలట్ అవ్వాలి, గంటలు కూడబెట్టాలి, రాత్రి పూట నైట్ విజన్ గాగుల్స్‌తో నడపడం నేర్చుకోవాలి, తర్వాత ఏ యూనిట్‌లో పడ్డారన్నదాన్ని బట్టి ఆ పని తగులుతుంది. కాబట్టి ఇంటర్ పిల్ల ఎంచుకోవాల్సింది స్పెషల్ ఫోర్స్‌ని కాదు. కమాండోలు ఎక్కే రకం హెలికాప్టర్లు ఎవరి దగ్గర ఉన్నాయి, వాటిదాకా తీసుకెళ్లే దారుల్లో తన వయసుకీ చదువుకీ ఒంటికీ సరిపోయేది ఏది, అన్నదే చూసుకోవాలి.

దేన్ని బట్టి తూచాలి

నేను ఐదు చూశాను. తలుపు నిజంగా తెరిచి ఉందా, అంటే ఆ సీట్లో ఇప్పటికే ఒక మహిళ కూర్చుందా లేక ప్రకటన దగ్గరే ఆగిందా. చేరడానికి ఎన్ని అవకాశాలు వస్తాయి. హెలికాప్టరే దొరుకుతుందన్న నమ్మకం ఎంత. ఆ హెలికాప్టర్ కమాండో పనికి ఎంత దగ్గర. పద్నాలుగేళ్ల షార్ట్ సర్వీస్ ఉద్యోగం అయ్యాక చేతిలో ఏం మిగులుతుంది.

వీటన్నిటికన్నా ముందు మాత్రం ఇంట్లో కుట్టు టేపు బయటికి తీయండి. హాస్యానికి చెప్పడం లేదు. ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్‌కి ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు. కాలి పొడవు 99 నుంచి 120 మధ్య. తొడ పొడవు 64 దాటకూడదు. కూర్చున్న ఎత్తు 81.5 నుంచి 96 మధ్య. కాక్‌పిట్‌లో పెడల్స్ అందాలి, తల పైన తగలకూడదు, మోకాలు ముందు ప్యానెల్‌కి కొట్టుకోకూడదు, అందుకని ఈ లెక్క. ఎంత చదివినా ఇది మారదు.

మా పిల్లని గోడకి వీపు ఆనించి గచ్చు మీద కూర్చోబెట్టి కాళ్లు చాపించి కొలిచాం. మొదటిసారి 97.5 వచ్చింది. ఇంట్లో శ్మశాన నిశ్శబ్దం. మా అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. తర్వాత చూస్తే అది నడుము గోడకి పూర్తిగా ఆనించలేదు, కొంచెం జారి కూర్చుంది, పైగా టేపు మోకాలి దగ్గర లోపలికి దిగింది. గట్టిగా ఆనించి, టేపు బదులు స్టీల్ స్కేలు గచ్చు మీద పెట్టి కొలిస్తే 99.6. మూడుసార్లు కొలిచాక గానీ మా అక్క బయటికి రాలేదు. అరంగుళం తేడాలో ఉన్నవాళ్లు ఇంట్లో కొలతని నమ్ముకోకుండా మిలిటరీ మెడికల్ తెలిసిన డాక్టర్ దగ్గర ఒకసారి చూపించుకోవడం మంచిది.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, దాని స్నేహితురాలి అక్క సంగతి. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు, ఎత్తు 160. ఊళ్లో ఒక కోచింగ్ సెంటర్ "ఫ్లయింగ్ బ్యాచ్" అని చెప్పి ఏడాది ఫీజు కట్టించుకుంది. ఒక్కరంటే ఒక్కరు ఎత్తు అడగలేదు. ఫారం నింపే రోజున అర్హతల పేజీ తనే చదువుకుని ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. గ్రౌండ్ డ్యూటీకి ఆ ఎత్తు చాలు, అది వేరే సంగతి, కానీ ఆమె కట్టింది దానికి కాదు కదా.

కళ్లద్దాలున్నవాళ్లకి ఒక మాట. లేసిక్ చేయించుకున్నవాళ్లని షరతుల మీద తీసుకుంటారు, కానీ ఇరవై ఏళ్లు నిండకముందే చేయించుకుంటే చెల్లదు. "ఇంటర్ సెలవుల్లో చేయించేద్దాం" అనే తల్లిదండ్రులు ఆగండి.

ఒక్క చూపులో

| దారి | హెలికాప్టర్‌లో మహిళలు ఎప్పటినుంచి | ఎలా చేరాలి | కమాండో పనికి దూరం | నేర్చుకునే చోట్లు |
|---|---|---|---|---|
| ఎయిర్‌ఫోర్స్ | 1990ల నుంచి | ఎన్‌డీఏ (ఇంటర్ తర్వాత డిఫెన్స్ అకాడమీ పరీక్ష), ఆఫ్‌క్యాట్ (డిగ్రీ తర్వాత ఎయిర్‌ఫోర్స్ పరీక్ష), ఎన్‌సీసీ | బాగా దగ్గర, మి-17, చినూక్ ఇక్కడే | దుండిగల్, హకీంపేట |
| నేవీ | అబ్జర్వర్లు (హెలికాప్టర్‌లో సెన్సర్లు చూసే అధికారులు) 2020, పైలట్ 2024 | ఎన్‌డీఏ, బీటెక్ మీద షార్ట్ సర్వీస్ | దగ్గరే, సముద్రం మీద | ఎళిమల, అరక్కోణం |
| ఆర్మీ | 2022 | ఎన్‌డీఏ, సీడీఎస్ (డిగ్రీ తర్వాత పరీక్ష) వగైరా, తర్వాత ఏవియేషన్ | మధ్యరకం, చిన్న హెలికాప్టర్లు | చెన్నై, నాసిక్ |
| అమెరికా ఆర్మీ | 1974, స్పెషల్ ఆపరేషన్స్‌లో 2013 తర్వాత | అక్కడి పౌరులకి మాత్రమే | నేరుగా అదే పని | అలబామా, కెంటకీ |

ఎయిర్‌ఫోర్స్: పాత తలుపు, పెద్ద హెలికాప్టర్లు

నా ఓటు దీనికే, దాచుకోవడం ఎందుకు. కారణం సింపుల్. కమాండోలు పదుల సంఖ్యలో ఎక్కే హెలికాప్టర్లు, అంటే మి-17 వి5, చినూక్, ఎయిర్‌ఫోర్స్ చేతిలో ఉన్నాయి. ఇక్కడ మహిళలు హెలికాప్టర్ నడపడం కొత్త సంగతి కాదు. 1999 కార్గిల్ యుద్ధంలో గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ చీతా హెలికాప్టర్లు నడిపారు. అప్పటికి మా పిల్ల పుట్టలేదు సరికదా, వాళ్లమ్మకి పెళ్లే కాలేదు. 2019 మేలో పారుల్ భరద్వాజ్, అమన్ నిధి, హీనా జైస్వాల్ ముగ్గురూ కలిసి మి-17 వి5ని పూర్తి మహిళా సిబ్బందితో ఎగరేశారు. పారుల్ తర్వాత చినూక్‌కి కూడా వెళ్లారు. వింగ్ కమాండర్ దీపికా మిశ్రా 2021లో మధ్యప్రదేశ్ వరదల్లో 47 మందిని కాపాడినందుకు 2023లో వాయుసేనా పతకం అందుకున్నారు, ధైర్యసాహసాలకి ఆ పతకం అందుకున్న మొదటి మహిళా అధికారి ఆమే. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ గురించి దేశానికి వివరించిన వ్యోమికా సింగ్ కూడా హెలికాప్టర్ పైలటే.

హీనా జైస్వాల్ గురించి ఇంకో మాట. ఆమె పైలట్ కాదు, ఫ్లైట్ ఇంజినీర్. ఇంజినీరింగ్ బ్రాంచిలో చేరి, తర్వాత ఆ కోర్సు చేసి హెలికాప్టర్ ఎక్కారు. కొలతల్లోనో పైలట్ పరీక్షలోనో ఆగిపోయినవాళ్లు గాల్లోకి వెళ్లడానికి ఇదీ ఒక దారి ఉందని గుర్తుపెట్టుకోండి.

ఇక చేరడం. ఇంటర్ ఎంపీసీ వాళ్లకి ఎన్‌డీఏ. సుప్రీంకోర్టు 2021 ఆగస్టులో అమ్మాయిలని పరీక్ష రాయనివ్వమని చెప్పింది, 2022లో మొదటి బ్యాచ్ వెళ్లింది, 2025 మే 30న 17 మంది పాసై బయటికొచ్చారు. వినడానికి బాగుంది కదా, ఇప్పుడు చేదు నిజం వినండి. ఈమధ్య నోటిఫికేషన్లలో ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్‌కి 92 సీట్లుంటే అందులో అమ్మాయిలకి 2. దేశం మొత్తానికి రెండు. ఏడాదికి రెండుసార్లు పరీక్ష కాబట్టి నాలుగు అనుకోండి. రాయొద్దని అనను, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దంటాను.

డిగ్రీ తర్వాత ఆఫ్‌క్యాట్. 20 నుంచి 24 ఏళ్ల మధ్య, కమర్షియల్ పైలట్ లైసెన్స్ ఉంటే 26 దాకా. డిగ్రీలో 60 శాతం, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండి తీరాలి. బీకాం చేస్తున్నా ఇంటర్ ఎంపీసీ అయితే చాలు, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ 'సి' సర్టిఫికెట్ ఉంటే రాత పరీక్ష లేకుండానే ఇంటర్వ్యూకి పిలుస్తారు.

ఇంటర్వ్యూ దగ్గర పైలట్ సెలక్షన్ టెస్టు అని కంప్యూటర్ మీద ఒకటి పెడతారు. చేతులు, కాళ్లు, కన్ను, చెవి అన్నీ ఒకేసారి పనిచేయాలి. అది జన్మకి ఒక్కసారే. తప్పితే మళ్లీ ఫ్లయింగ్‌కి రాయడానికి వీల్లేదు. అందుకని "ఊరికే ఒకసారి చూసొద్దాం" అని సగం ప్రిపరేషన్‌తో వెళ్లడం శుద్ధ తెలివితక్కువ పని.

దీనిలో లోటు ఏమిటంటే, హెలికాప్టర్ మీ చేతిలో ఉండదు. దుండిగల్‌లో మొదటి దశ అయ్యాక ఫైటర్, ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్ అని విడదీస్తారు. మెరిట్ చూస్తారు, అప్పటి అవసరం చూస్తారు, మీ ఇష్టం అడుగుతారు, కానీ అడగడం వేరు ఇవ్వడం వేరు. తమాషా ఏంటంటే ఎక్కువమంది ఫైటర్ కోసం కొట్టుకుంటారు, హెలికాప్టర్ కావాలని కోరుకునేవాళ్లకి అది కొంత కలిసొచ్చే విషయమే. హెలికాప్టర్ వస్తే శిక్షణ హకీంపేటలో. రెండూ హైదరాబాద్ చుట్టుపక్కలే, రాత్రి ట్రైనెక్కితే పొద్దున్నకి ఇల్లు. మా అక్కకి ఇది చెప్పాక ముఖం కొంచెం తేటపడింది.

నేవీ: మన ఊరి సంస్థ, కొత్త తలుపు

వైజాగ్ పిల్లలకి నేవీ మీద మనసు ఉండటం సహజం. ఈస్టర్న్ నేవల్ కమాండ్ ఇక్కడ, హెలికాప్టర్ల డేగా ఇక్కడ, మార్కోస్‌కి భీమిలి దగ్గర ఐఎన్ఎస్ కర్ణ 2016 నుంచి ఉంది. అమెరికా నుంచి జలాశ్వ ఓడతో పాటు 2007లో వచ్చిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లు డేగా నుంచే ఎగిరి, సహాయ పనుల నుంచి ప్రత్యేక ఆపరేషన్ల దాకా చేసి, 2024 జూన్‌లో ఇక్కడే వీడ్కోలు తీసుకున్నాయి. ఇప్పుడు డేగాలో ధ్రువ్ మార్క్ 3 హెలికాప్టర్ల స్క్వాడ్రన్ ఉంది, 2022 జులైలో మొదలైంది. బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు 2024 సెప్టెంబరులో డాబాల మీదకి అన్నం పొట్లాలు వేసిన వాటిలో మన నేవీ హెలికాప్టర్లూ ఉన్నాయి.

అయితే మహిళలకి ఇక్కడ తలుపు ఆలస్యంగా తెరుచుకుంది. 2019 డిసెంబరులో శివాంగి నేవీ మొదటి మహిళా పైలట్ అయ్యారు, కానీ అది డోర్నియర్ విమానం. 2020 సెప్టెంబరులో కుముదిని త్యాగి, రీతి సింగ్ యుద్ధనౌకల మీంచి హెలికాప్టర్లలో వెళ్లే మొదటి మహిళా అబ్జర్వర్లయ్యారు. హెలికాప్టర్ పైలట్ సీటు మాత్రం 2024 జూన్‌లోనే, అరక్కోణం ఐఎన్ఎస్ రాజాలిలో అనామికా బి. రాజీవ్‌తో. ఏడాది దాటిన కొద్ది రోజులకే, 2025 జులై 3న, ఇక్కడ డేగాలోనే ఆస్థా పూనియా నేవీ ఫైటర్ స్ట్రీమ్‌లోకి వెళ్లిన మొదటి మహిళగా వింగ్స్ (పైలట్ బ్యాడ్జి) అందుకున్నారు. ఆ ఫొటో పేపర్లో వచ్చిన రోజు మా పిల్ల దాన్ని కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించింది.

అంటే దారి తెరిచి ఉంది, కానీ ముందు నడిచినవాళ్లు తక్కువ. నేవీ హెలికాప్టర్ అంటే ఊరికే డేగా నుంచి లేచి డేగాలో దిగడం కాదు. ఓడ మీద నెలల తరబడి ఉండాలి, అటూ ఇటూ ఊగే చిన్న డెక్ మీద రాత్రి పూట దించాలి. నన్నడిగితే ఆకాశంలో దీనికన్నా కష్టమైన పని లేదు. పనిలో కూడా తేడా ఉంది. నేవీ హెలికాప్టర్ ఎక్కువగా వెతికేది సబ్‌మెరైన్లని, కాపాడేది మునిగేవాళ్లని. కమాండోలను ఓడ నుంచి ఓడకి చేర్చడం దాని పనుల్లో ఒకటి. కమాండోల రవాణాకే ఉద్దేశించిన సీకింగ్ 42సీ రకం ముంబయిలో ఉంటుంది. కాబట్టి "మార్కోస్ మన భీమిలిలోనే ఉన్నారు, డేగాలో చేరితే రోజూ వాళ్లతోనే" అనుకుంటే పొరపాటు. పోస్టింగ్ కొచ్చిలో రావచ్చు, గోవాలో రావచ్చు. సొంత ఊరి ఆశతో నేవీ ఎంచుకోకండి, సముద్రం ఇష్టమైతే ఎంచుకోండి.

ఇంకో విషయం దాచకూడదు. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్ గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు చనిపోయాక ఆ రకం హెలికాప్టర్లన్నిటినీ నెలల తరబడి ఆపేశారు. ఒకే రకం హెలికాప్టర్ మీద ఎక్కువ ఆధారపడితే ఇలా అందరూ ఒకేసారి నేల మీద కూర్చోవాల్సి వస్తుంది, కొత్త పైలట్‌కి గంటలు కూడవు.

చేరడానికి బీటెక్ 60 శాతంతో షార్ట్ సర్వీస్ పైలట్ ఎంట్రీ ఉంది, వయసు 24 లోపు. మార్కుల మీద షార్ట్‌లిస్ట్ చేసి ఇంటర్వ్యూకి పిలుస్తారు, ఆ ఇంటర్వ్యూ కేంద్రాల్లో మన వైజాగ్ కూడా ఒకటి. ఎంపికైతే కేరళలోని ఎళిమల అకాడమీ. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఉన్న అమ్మాయికి ఇది అన్నిటికన్నా సులువైన గేటు, పెద్ద రాత పరీక్ష కోసం రెండేళ్లు కూర్చోనక్కర్లేదు. కానీ మార్కులు పోగొట్టుకుంటే ఈ గేటు మూతే.

ఆర్మీ: రెండు మెట్ల దారి

2022 మే 25న నాసిక్‌లో కెప్టెన్ అభిలాషా బరాక్ ఆర్మీ ఏవియేషన్ మొదటి మహిళా కంబాట్ ఏవియేటర్ అయ్యారు. ఆమె కథలో చూడాల్సింది తేదీ కాదు, వరుస. ముందు 2018లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్‌లో చేరారు, తర్వాత ఏవియేషన్‌కి దరఖాస్తు పెట్టుకున్నారు. మహిళలకి ఆ అవకాశం ఇచ్చిన మొదటిసారి 15 మంది ముందుకొస్తే పైలట్ టెస్టు, మెడికల్ అయ్యేసరికి మిగిలింది ఇద్దరు. అంటే ఇక్కడ పైలట్ అవుతారన్న గ్యారంటీ చేరే రోజున ఉండదు. ముందు అధికారి, తర్వాత అదృష్టం ఉంటే పైలట్.

మరి ఎందుకు చూడాలంటే, నేల మీద ఉన్న సైనికుడితో అంత దగ్గరగా పనిచేసే హెలికాప్టర్లు ఇంకెక్కడా లేవు. చీతా, ధ్రువ్, రుద్ర, ఈమధ్యే వచ్చిన అపాచీ. కొండల్లో గాయపడినవాళ్లని తెచ్చేది వీళ్లే. కమాండోలను ఎక్కువమందిని మోసే పెద్దవి మాత్రం ఎయిర్‌ఫోర్స్‌వి. "ముందు ఆర్మీ యూనిఫాం, హెలికాప్టర్ దొరికితే బోనస్" అనుకునే అమ్మాయికి ఇది బాగుంటుంది. హెలికాప్టర్ లేకపోతే బతుకు వృథా అనుకునే మా పిల్లలాంటి దానికి వద్దు.

కోస్ట్ గార్డ్ గురించి రెండు ముక్కలు. కాపాడే పని ఇష్టమైనవాళ్లకి మంచిదే, కమాండో పని కాదు. మహిళా అధికారుల పర్మనెంట్ కమిషన్ (రిటైర్మెంట్ దాకా ఉండే ఉద్యోగం) మీద డోర్నియర్ పైలట్ ప్రియాంకా త్యాగి వేసిన కేసులో 2024లో సుప్రీంకోర్టు కేంద్రాన్ని గట్టిగానే నిలదీసింది. చేరేముందు ఆ సంగతి ఎంతవరకు వచ్చిందో కనుక్కుని చేరండి.

అమెరికా: వీడియోలు చూసి మోసపోకండి, కానీ చరిత్ర చదవండి

మా పిల్ల చూసిన వీడియో 160వ స్పెషల్ ఆపరేషన్స్ ఏవియేషన్ రెజిమెంట్‌ది, నైట్ స్టాకర్స్ అనేది వీళ్లనే. 1980లో ఇరాన్‌లో బందీలని విడిపించబోయి హెలికాప్టర్ల దగ్గరే దెబ్బతిన్నాక, ఈ పనికే ఒక దళం ఉండాలని 1981లో పెట్టారు. కెంటకీలో ఫోర్ట్ క్యాంప్‌బెల్. 2011లో బిన్ లాడెన్ ఇంటికి కమాండోలను తీసుకెళ్లింది వీళ్లే.

అక్కడ మహిళల కథ మనకి ఒక పాఠం. ఆర్మీలో మొదటి మహిళా హెలికాప్టర్ పైలట్ శాలీ మర్ఫీ 1974లోనే వచ్చారు. యుద్ధ హెలికాప్టర్లు 1993లో తెరిచారు. కానీ ఈ రెజిమెంట్ మాత్రం మూసే ఉంది. నేల మీద నేరుగా పోరాడే దళాలతో కలిసి ఉండే యూనిట్లలోకి మహిళలని పంపకూడదని 1994 నిబంధన ఒకటి ఉండేది. అంటే అదే బ్లాక్ హాక్ హెలికాప్టర్‌ని అమ్మాయి మామూలు యూనిట్‌లో నడపొచ్చు, ఈ గేటు లోపల నడపకూడదు. 2013 జనవరిలో ఆ నిబంధన తీసేశాకే దారి కదిలింది. 2015 డిసెంబరులో మిగతా పోరాట ఉద్యోగాలన్నీ తెరిచారు.

మన దగ్గర అలాంటి విడి రెజిమెంట్ లేదు కాబట్టి అలాంటి విడి గేటూ లేదు. నిన్న వరదల్లో పాల ప్యాకెట్లు వేసిన మి-17 యూనిట్‌కే రేపు కమాండోల పని రావచ్చు, ఆ యూనిట్‌లో అమ్మాయి ఉంటే ఆమెకీ వస్తుంది. ఇది మన అమ్మాయిలకి లాభం. నష్టం ఏమిటంటే బోర్డు లేదు, "నేను ఫలానా దళం" అని చెప్పుకోవడానికి లేదు, గురిపెట్టి చేరడానికీ లేదు.

అక్కడ పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలకైతే ఇది నిజమైన దారే. పౌరసత్వం ఉండాలి, వారెంట్ ఆఫీసర్ (మామూలు అధికారుల కన్నా కింది, సాంకేతిక పనుల ర్యాంకు) దారిలో డిగ్రీ లేకుండా కూడా ఫ్లైట్ స్కూల్‌కి వెళ్లొచ్చు, అలబామాలో శిక్షణ. పైలట్ అయ్యాక పదేళ్లు పనిచేయాలి. ఆ రెజిమెంట్‌కి అనుభవం ఉన్న పైలట్లే దరఖాస్తు పెడతారు, అక్కడ గ్రీన్ ప్లాటూన్ అనే కోర్సు దాటాలి. ఎంఎస్‌కి వెళ్లి అలా చేరిపోవచ్చు అనుకునే వైజాగ్ అమ్మాయికి మాత్రం ఇది దారి కాదు.

ఎవరికి ఏది

ఇంటర్ చదువుతున్నారా, కొలతలు సరిపోయాయా: ఎన్‌డీఏ రాయండి, రెండు సీట్లేనని గుర్తుపెట్టుకుని డిగ్రీలో చేరండి, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉన్న కాలేజీ దొరికితే వదలకండి. ఎన్‌డీఏలో వస్తే నేరుగా పర్మనెంట్ కమిషన్, అది చిన్న విషయం కాదు.

బీటెక్ మూడు, నాలుగేళ్లలో ఉన్నవాళ్లు నేవీ షార్ట్ సర్వీస్‌కీ ఆఫ్‌క్యాట్‌కీ రెండింటికీ పెట్టండి. ఏది ముందు పిలిస్తే అదే అనుకోకండి. ఓడ మీద వాంతులు చేసుకుంటూ కూడా నవ్వగలరా అని మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి.

రుషికొండలో ఐటీ ఉద్యోగం చేస్తూ 23 దాటినవాళ్లకి టైం లేదు. ఒక్క ఆఫ్‌క్యాట్, మహా అయితే రెండు. ముందు కొలతలు, కళ్లు, తర్వాతే సెలవు పెట్టడం. పైలట్ లైసెన్స్ కొంటే రెండేళ్లు కలిసొస్తాయని లక్షలు పోయకండి, ఆ రెండేళ్ల కోసం అంత డబ్బు నాకైతే దండగ.

పెళ్లి గురించి అడిగే పెద్దలకి: ఎన్‌డీఏకి, ఆఫ్‌క్యాట్‌లో 25 లోపు వాళ్లకి పెళ్లి కాకూడదు, శిక్షణలో అసలు కుదరదు. సంబంధాలు అప్పటిదాకా ఆగుతాయా అని మా బావ కూడా అడిగాడు. ఆగకపోతే పోనీ అని మా అమ్మ అంది. ఆవిడ వయసు డెబ్బై ఒకటి.

షార్ట్ సర్వీస్ అంటే పద్నాలుగేళ్ల దాకా. ఇరవై ఏళ్లు నిండకుండా పింఛను రాదు. ముప్ఫై ఎనిమిదేళ్లకి బయటికొస్తే రవాణా విమానం నడిపినవాళ్లకి ఎయిర్‌లైన్స్ ఉన్నాయి, హెలికాప్టర్ నడిపినవాళ్లకి చమురు రిగ్గులు, చార్టర్లు, తీర్థయాత్రల సర్వీసులు. ఉద్యోగాలు తక్కువ. హెలికాప్టర్ కోరుకునే ప్రతి అమ్మాయీ ఈ లెక్క తెలిసే కోరుకోవాలి. మా పిల్లకి చెప్పాను. "పద్నాలుగేళ్లు నడిపాక కదా పిన్నీ" అంది.

ఎన్‌డీఏ ఫారంలో ఎయిర్‌ఫోర్స్ ఒకటి, నేవీ రెండు అని పెట్టింది. డిగ్రీకి బీఎస్సీయా, బీటెకా అన్నది ఇంకా తేలలేదు. బావ బీటెక్ అంటున్నాడు, నేవీ గేటు కూడా తెరిచి ఉంటుందని ఈసారికి నేనూ ఆయన వైపే. స్టీల్ స్కేలు మాత్రం గోడ పక్కనే ఉంది, పుట్టినరోజుకి మళ్లీ కొలవాలట.